కెంటకీలో థరోబ్రెడ్ గుర్రాల ఫారం చూసి ఫొటోలు తీయడం గురించి సలహా కావాలి

ప్రశ్న (కొలంబస్, ఒహాయో నుంచి)

అందరికీ నమస్కారం. ఏప్రిల్ మూడో వారంలో మా నాన్నగారిని వెంటబెట్టుకుని కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ పరిసరాలకు వెళ్ళి, అక్కడి థరోబ్రెడ్ (పంద్యాల కోసం పెంచే జాతి) గుర్రాల ఫారాలలో ఒకటో రెండో చూసి, ఫొటోలు తీసుకోవాలని అనుకుంటున్నాను. మా ఇంటి నుంచి కారులో మూడు గంటల ప్రయాణమే అయినా, ఆరేళ్ళుగా ఇక్కడ ఉంటూ ఒక్కసారి కూడా అటు వెళ్ళలేకపోయాను.

ఈ ప్రయాణానికి కారణం నాన్నగారే. మా తాతగారు తెనాలిలో జట్కా తోలేవారు. ఆ గుర్రానికి తెల్లవారుజామున ఉలవలు ఉడకబెట్టి పెట్టడం, మాలీషు చేయడం, లాడాలు కొట్టించడానికి తీసుకువెళ్ళడం నాన్నగారి చిన్ననాటి పనులు. ఆటోలు వచ్చి బేరాలు తగ్గిపోయాక తాతగారు గుర్రాన్ని అమ్మేశారు. అప్పటినుంచి నాన్నగారు ఏ గుర్రాన్నీ చేత్తో తాకలేదు. ఆయనకు ఇప్పుడు 68 ఏళ్ళు. మార్చి నెలాఖరున మొదటిసారి అమెరికా వస్తున్నారు.

నేను అడగదలచినవి ఇవి. ఈ ఫారాలు ప్రైవేటు ఆస్తులు కదా, కెమెరాతో వచ్చేవారిని లోపలికి రానిస్తారా? తల్లీపిల్లా కలిసి ఉన్న ఫొటో తీయాలని నా కోరిక, ఏప్రిల్‌లో అది సాధ్యమేనా? నా దగ్గర 24-70, 70-200 మి.మీ. లెన్సులు ఉన్నాయి, అవి సరిపోతాయా? చివరిది నాన్నగారి ప్రశ్న. ఊరినుంచి ఒక కిలో ఉలవలు తెస్తే అక్కడి గుర్రాలకు పెట్టనిస్తారా అని ఆయన రెండుసార్లు అడిగారు. ఏం చెప్పాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.


సమాధానం 1 (లెక్సింగ్టన్ నుంచి)

నమస్కారం. నేను ఈ ఊళ్ళో పదకొండేళ్ళుగా ఉంటున్నాను, వారాంతాల్లో గుర్రాల ఫొటోలు తీస్తుంటాను. మీరు ఎంచుకున్న సమయం చాలా మంచిది. ఉత్తరార్ధగోళంలో ఏ నెలలో పుట్టిన థరోబ్రెడ్ పిల్లకైనా జనవరి 1నే పుట్టినరోజుగా లెక్కిస్తారు. అందుకని పిల్ల వీలైనంతవరకు ఏడాది మొదట్లోనే పుట్టేలా, పదకొండు నెలల చూలును దృష్టిలో ఉంచుకుని, ఫిబ్రవరి మధ్య నుంచి జులై మొదటివరకు జత కట్టిస్తారు. దీనివల్ల ఏప్రిల్‌లో మీకు మూడు నెలల పిల్లలు, నెల పిల్లలు, నిన్నరాత్రి పుట్టినవి కూడా పచ్చికబయళ్ళలో కనిపిస్తాయి. ఐదారు నెలలు రాగానే పిల్లలను తల్లుల నుంచి విడదీస్తారు కాబట్టి, అక్టోబరులో వచ్చి ఉంటే మీ కోరిక తీరేది కాదు.

అయితే ఆ కాలమే ఫారం మనుషులకు ఊపిరి సలపని కాలమని మీరు గుర్తుంచుకోవాలి. థరోబ్రెడ్లలో కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లను పంద్యాలకు నమోదు చేయరు. ఆడగుర్రాన్ని మగగుర్రం ఉన్నచోటికి తీసుకువచ్చి సహజంగా జత కట్టించాలి. పేరున్న మగగుర్రానికి రోజుకు రెండు మూడు వేళలు కేటాయించి ఉంటాయి. సందర్శకులను ఆ వేళల మధ్యనే రానిస్తారు. ఏ ఫారానికైనా ముందుగా సమయం తీసుకుని వెళ్ళడం తప్పనిసరి. హార్స్ కంట్రీ అనే సంస్థ ద్వారా చాలా ఫారాల టికెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వసంతకాలపు శనివారాలు తొందరగా నిండిపోతాయి కాబట్టి ఇప్పుడే, వీలైతే వారం మధ్యలో, ఉదయపు వేళ తీసుకోండి. దారి పక్కన కారు ఆపి కంచె మీదుగా చేతులు చాపి ఫొటోలు తీసేవారిని నేను తరచుగా చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి. మనిషి చెయ్యి కంచె దాటి వస్తే పిల్లగుర్రం బెదిరి కంచెకేసి పరుగెత్తుతుంది. ఆ సన్నని కాళ్ళకు తగిలే దెబ్బ దాని జీవితాన్నే మార్చేస్తుంది.

టికెట్ తీసుకునేటప్పుడు ఒక విషయం గమనించండి. పేరున్న ఫారాల సందర్శనల్లో ఎక్కువభాగం మగగుర్రాలను చూపించేవే. వర్సేల్స్ పట్టణం దగ్గరి ఆష్‌ఫర్డ్ స్టడ్‌లో 2015లో ట్రిపుల్ క్రౌన్ (ఒకే ఏడాది మూడు పెద్ద పంద్యాలూ గెలిస్తే దక్కే బిరుదు) గెలిచిన అమెరికన్ ఫారో, 2018లో గెలిచిన జస్టిఫై అనే గుర్రాలు ఉన్నాయి. ప్యారిస్ పట్టణంలోని క్లెయిబోర్న్ ఫారంలో సెక్రటేరియట్ అనే పేరుగల పందెపు గుర్రం సమాధి ఉంది. సాధారణంగా గొప్ప పందెపు గుర్రాల తల, గుండె, డెక్కలు మాత్రమే పాతిపెట్టే ఆచారం ఇక్కడిది. 1973లో బెల్మాంట్ పంద్యాన్ని 31 గుర్రాల పొడవు తేడాతో గెలిచిన సెక్రటేరియట్‌ను మాత్రం 1989లో మొత్తం శరీరంతో ఖననం చేశారు. చూడవలసిన చోట్లే ఇవి, కానీ మీకు కావలసింది తల్లీపిల్లా. అందుకని ఆడగుర్రాలనూ పిల్లలనూ చూపే సందర్శన అని స్పష్టంగా రాసి ఉన్నదే ఎంచుకోండి. అనుమానం ఉంటే ఫోన్ చేసి అడగండి, వారు ఓపికగా చెబుతారు.

ఇక ఫొటోల సంగతి. మీ 70-200 లెన్సు చాలు, మిగిలినది కారులోనే ఉంచండి. దగ్గర నుంచి చిన్న లెన్సుతో తీస్తే గుర్రం తల పెద్దదై, నడుము సన్నబడి, కాళ్ళు పొట్టివిగా కనిపిస్తాయి. పది పన్నెండు మీటర్ల దూరంలో నిలబడి 135 దాటిన మి.మీ.తో తీస్తే శరీరం ఉన్నది ఉన్నట్లు వస్తుంది. లెన్సు మన కంటి ఎత్తులో కాకుండా గుర్రం పొట్ట మధ్యభాగం ఎత్తులో ఉండాలి. దానికి మోకాలు వంచి కూర్చోవాలి. కూర్చోబోయేముందు గుర్రాన్ని పట్టుకున్న మనిషికి ఒక మాట చెప్పండి. నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి కిందికి వంగితే గుర్రం ఉలిక్కిపడుతుంది.

మగగుర్రాన్ని బయటికి తెచ్చి పక్కవాటుగా నిలబెట్టినప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే మీరు సిద్ధంగా ఉండగలరు. ఇక్కడి పద్ధతి ప్రకారం నాలుగు కాళ్ళూ విడివిడిగా కనిపించాలి. కెమెరా వైపు ముందుకాలు నిటారుగా ఉండి, అవతలి ముందుకాలు దానికన్నా కాస్త వెనకగా ఉంటుంది. వెనక కాళ్ళలో మాత్రం కెమెరా వైపుది వెనక్కి, అవతలిది కాస్త ముందుకి ఉంటుంది. గుర్రం ఒక అడుగు తప్పుగా వేస్తే దాన్ని ఒకసారి చుట్టూ నడిపించి మళ్ళీ నిలబెడతారు. అమ్మకాల పుస్తకాలకు ఫొటోలు తీసేవారు ఈ ఒక్క భంగిమ కోసం అరగంట కూడా నిరీక్షిస్తారు. కాళ్ళు కుదిరి, మెడ ఎత్తి, రెండు చెవులూ ముందుకు నిక్కబొడిచిన క్షణం రెండు సెకన్లకు మించి ఉండదు. ఆ చెవుల కోసం చప్పట్లు కొట్టడం, సంచి గలగలలాడించడం మనం చేయకూడదు. అవసరమైతే ఫారం మనిషే చేస్తారు. ఫ్లాష్ పూర్తిగా ఆపివేయండి, గొడుగులూ సెల్ఫీ కర్రలూ తీసుకువెళ్ళకండి, డ్రోన్ సంగతి మాట్లాడనే వద్దు.

మంచి ఫొటోకు మనం అక్కడ గడిపే సమయం లెన్సు కన్నా ముఖ్యమని నా అనుభవం. గుర్రం దినచర్యలో మీరు ఎక్కడ తలదూర్చారన్నదే ఫొటోలో కనిపిస్తుంది. గడ్డి మేస్తున్న గుర్రాన్ని తల ఎత్తించాలని చూసేవారికి ఉలిక్కిపడ్డ గుర్రం ఫొటో వస్తుంది. దానంతట అది తల ఎత్తేదాకా నిలబడ్డవారికి గుర్రం ఫొటో వస్తుంది.

నాన్నగారు ఉన్నారు కాబట్టి మరొక చోటు చెబుతాను. జార్జ్‌టౌన్‌లో ఓల్డ్ ఫ్రెండ్స్ అనే ఫారం ఉంది. పరుగులూ సంతానోత్పత్తీ అయిపోయిన ముసలి థరోబ్రెడ్లకు అది విశ్రాంతి స్థలం. 2003లో మొదలైంది. 1997లో కెంటకీ డర్బీ పంద్యం గెలిచిన సిల్వర్ చార్మ్ అనే గుర్రం జపాను నుంచి 2014లో అక్కడికే తిరిగివచ్చింది. అక్కడ నడిపించి చూపేవారు క్యారెట్ ముక్కలు ఇచ్చి, ఏ గుర్రానికి ఎలా పెట్టాలో చెప్పి, సందర్శకుల చేతనే పెట్టిస్తారు. మీ నాన్నగారికి కావలసింది అక్కడ దొరుకుతుందని నా నమ్మకం.


సమాధానం 2 (పశువైద్యుడు, తిరుపతి పశువైద్య కళాశాల పూర్వ విద్యార్థి)

పైన రాసినవారు ఫొటోల గురించి చెప్పవలసిందంతా చెప్పారు. నేను జంతువుల ఆరోగ్యం వైపు నుంచి కొన్ని మాటలు చేర్చదలచాను.

ముందు ఉలవల సంగతి. నాన్నగారి ప్రేమను గౌరవిస్తూనే చెబుతున్నాను, వద్దు. విదేశం నుంచి గింజలు తేవడం విమానాశ్రయంలోనే చిక్కు తెస్తుంది. తెచ్చినా ఫారంలో పెట్టనివ్వరు, పెట్టకూడదు కూడా. గుర్రం వాంతి చేసుకోలేని జంతువు. అలవాటు లేని దాణా పడకపోతే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది. జట్కా గుర్రం ఉలవలు తిని రోజంతా బండి లాగేది, ఇక్కడి చూడిగుర్రం సున్నపురాయి నేలలో పెరిగిన పచ్చిక మీదా, ఓట్స్ గింజల మీదా తూచి పెంచబడుతోంది. ప్రతి గుర్రం దాణా లెక్క దాని పేరుతో కొట్టంలో రాసి ఉంటుంది.

రెండోది చెప్పులు. నాన్నగారు ఊళ్ళో గేదెలు ఉన్న ఇంటి నుంచి వస్తున్నట్లయితే, అమెరికా కస్టమ్స్‌లో పశువుల దగ్గర మెలిగారా అన్న ప్రశ్నకు అవునని నిజమే చెప్పించండి. గాలికుంటు వ్యాధి గుర్రాలకు రాదు, కానీ ఆ వైరస్ చెప్పుల మట్టిలో ప్రయాణించగలదు, ఫారం చుట్టుపక్కల ఆవులు ఉంటాయి. ఊళ్ళో తొడిగిన చెప్పులను ఊళ్ళోనే వదిలి, ఇక్కడ కొత్తవి కొని, వచ్చిన వెంటనే కాకుండా రెండు మూడు వారాల తరువాత వెళుతున్నారు కాబట్టి మీ ఏర్పాటు బాగుంది. ఒకే రోజు రెండు ఫారాలు చూస్తే మధ్యలో చెప్పులు కడిగి, చేతులు సబ్బుతో కడుక్కోండి. చీము గడ్డలు కట్టే స్ట్రాంగిల్స్ వంటి జబ్బులు ఒక కొట్టం నుంచి మరో కొట్టానికి మనుషుల చేతుల మీదుగానే పోతాయి. ఫారం గుమ్మంలో మందు కలిపిన నీళ్ళ తొట్టి ఉంటే అందులో కాలు ముంచి వెళ్ళడం మర్యాద మాత్రమే కాదు, అవసరం.

మూడోది తల్లీపిల్లల మధ్యకు వెళ్ళడం. పిల్ల ముద్దుగా మీవైపు నడిచివచ్చినా మీరు తల్లి వైపే చూడండి. చెవులు వెనక్కి అంటుకున్నాయా, తోక విసురుగా ఆడుతోందా, పిల్లకూ మీకూ మధ్య అడ్డంగా వచ్చి నిలబడుతోందా గమనించండి. ఈ మూడింటిలో ఏది కనిపించినా రెండడుగులు వెనక్కి వేయడమే సరైన పని. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు చుట్టూ కనిపిస్తుంది, కానీ సరిగ్గా వెనకా, నుదుటికి ఎదురుగా కొంత మేరా కనిపించదు. అందుకే భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికి వెళ్ళాలి. ఇది మీ నాన్నగారికి నేను చెప్పవలసిన పని లేదనుకుంటాను.

ఒక మాట అడగాలని ఉంది. మీ తాతగారు గుర్రాన్ని కొనేముందు దాని వెంట్రుకల సుడులు చూసేవారా? ఏ సుడి ఎక్కడ ఉంటే యజమానికి మంచిదో చెడ్డదో చెప్పే నమ్మకం మన జట్కావాళ్ళలో బలంగా ఉండేది. శకునం సంగతి పక్కన పెడితే, థరోబ్రెడ్ల నమోదు పత్రాలలో ఈనాటికీ నుదుటి మీద, మెడ మీద ఉన్న సుడులను గుర్తింపు చిహ్నాలుగా రాస్తారు. తల్లిదండ్రులను నిర్ధారించే డీఎన్ఏ పరీక్ష, 2017 నుంచి పుట్టిన పిల్లలకు మైక్రోచిప్ వచ్చాక కూడా అవి తొలగిపోలేదు. మన పెద్దల చూపు ఎంత నిశితమైనదో ఈ ఒక్క విషయం చెబుతుంది. నుదుటి సుడిని దగ్గరగా ఫొటో తీసి నాన్నగారికి చూపించండి.


ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉలవలు వద్దని నాన్నగారికి చెప్పాను. దాణా లెక్క రాసి ఉంటుందన్న మాట వినగానే ఆయన వెంటనే ఒప్పుకున్నారు. తాతగారు సుడులు చూసేవారట, ఆ విషయం నాకు ఇప్పుడే తెలిసింది. బుధవారం ఉదయం ఆడగుర్రాలనూ పిల్లలనూ చూపే సందర్శనకూ, మధ్యాహ్నం ఓల్డ్ ఫ్రెండ్స్‌కూ సమయం తీసుకున్నాను. ఇంకొక్క సందేహం ఉంది. ముదురు గోధుమరంగు గుర్రాలను తెల్ల కంచె ముందు తీసినప్పుడు నాకు ప్రతిసారీ ఏదో ఒకటి పాడవుతోంది. పరుగెత్తే పిల్లలను తీయడం కూడా ఎన్నడూ చేయలేదు.


సమాధానం 3 (హైదరాబాదు నుంచి)

నేను మలక్‌పేట రేస్‌కోర్సులో అనుమతి తీసుకుని ఉదయపు కసరత్తుల ఫొటోలు తీస్తుంటాను. మీ రెండు సందేహాలూ నాకు మొదటి ఏడాది ఎదురైనవే.

కెమెరా ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థమైన బూడిదరంగుగా భావించి వెలుతురు లెక్క కడుతుంది. ఫ్రేము నిండా నల్లని గుర్రం ఉంటే చీకటిగా ఉందనుకుని ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది, నలుపు కాస్తా పాలిపోతుంది. తెల్ల కంచె ఎక్కువగా ఉంటే దానికి విరుద్ధంగా గుర్రం బొగ్గులా మారుతుంది. అందుకని కెమెరాకు వదిలేయకుండా, గుర్రం భుజం మీద ఎండ పడిన చోట ఒక ఫొటో తీసి చూసుకుని, అక్కడ మెరుపు పూర్తిగా తెల్లబడకుండా ఉండేలా లెక్క కుదుర్చుకుని, అదే లెక్కను ఆ వెలుతురు ఉన్నంతసేపూ మార్చకుండా ఉంచండి. లెక్సింగ్టన్‌లో చాలా కంచెలు నల్లరంగువే అని విన్నాను, అటువంటి చోట మీకు పని సులువవుతుంది. మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టరు ఉంటే తీసివేయండి. మాలీషు చేసిన వెంట్రుకల మీద జారే వెలుగే ఆ గుర్రం ఆరోగ్యం, దాన్ని చెరిపేయకూడదు. మిట్టమధ్యాహ్నం ఎండలో పొట్ట కింద చీకటి పేరుకుని ఆకారం తెగిపోతుంది కాబట్టి ఉదయపు వేళ తీసుకుని మంచి పని చేశారు.

పరుగు విషయానికి వస్తే, షట్టరు వేగం 1/1000 సెకను కన్నా తగ్గనివ్వకండి, పిల్లలకైతే 1/1600 మేలు. ఏ క్షణంలో నొక్కాలన్నది అంతకన్నా కష్టమైన విషయం. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు వరుస కెమెరాలతో తీసిన ఫొటోలు ఒక పాత తగాదాను తీర్చాయి. దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలను వదులుతాయి, అయితే అంతకుముందు చిత్రకారులు గీసినట్లు ముందుకూ వెనక్కూ బార్లా చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. ఆ ముడుచుకున్న క్షణానికి తీసిన ఫొటోలో గుర్రం గాలిలో ఉంటుంది కానీ కాళ్ళు కలగాపులగంగా కనిపిస్తాయి. ముందుకాలు ఒకటి చాచి నేలను అందుకోబోతున్న క్షణం కంటికి ఇంపుగా ఉంటుంది. కెమెరా లేకుండా పది నిమిషాలు చూస్తూ నోటితో డెక్కల లెక్క పెట్టుకోండి, లయ చెవికి పట్టుబడితే వేలు దానంతట అదే సరిగ్గా పడుతుంది.

పిల్లలకు ఒక అలవాటు ఉంది. ఊరికే నిలబడ్డ పిల్ల ఉన్నట్టుండి తల్లి చుట్టూ ఒక వలయంగా పరుగెత్తి మళ్ళీ అదే చోటికి వస్తుంది, సాధారణంగా మరోసారి కూడా తిరుగుతుంది. మొదటి చుట్టు చూసి, రెండో చుట్టుకు తల్లి మీదే ఫోకస్ ఉంచి ఎదురుచూడండి. వెంటాడి తీసినవాటికన్నా అలా తీసినవే నాకు ఎక్కువగా కుదిరాయి.


ప్రశ్న అడిగినవారు (వెళ్ళివచ్చాక)

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. గత బుధవారం వెళ్ళివచ్చాము. ఫారానికి ఏడున్నరకు చేరాము, మంచు ఇంకా గడ్డి మీద ఉంది. మాతో పాటు మరో నలుగురు సందర్శకులు ఉన్నారు. మమ్మల్ని కంచె దగ్గరికి తీసుకువెళ్ళిన ఆవిడ, పదహారు రోజుల పిల్ల ఉన్న ఒక ముదురు గోధుమరంగు గుర్రాన్ని చూపించారు. తల్లి మేస్తోంది. పిల్ల దాని నీడలో పక్కకు ఒరిగి నిద్రపోతోంది.

పది నిమిషాలు గడిచినా అది కదలలేదు. మిగిలినవారు పక్క మైదానానికి వెళ్ళారు. నేను కూడా కదలబోతుంటే నాన్నగారు ఆగమన్నారు. పిల్ల చెవి రెండుసార్లు ఆడిందని, ఇక లేస్తుందని చెప్పారు. ఆ తరువాత ఆయన చెప్పిన మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరికేది కాదు: “గేదె వెనకకాళ్ళతో ముందు లేస్తుంది, గుర్రం ముందుకాళ్ళతో లేస్తుంది. ముందుకాళ్ళు చాపగానే నొక్కు.” నేను కెమెరాను పిల్ల భుజం మీద నిలిపి, భుజం మెరుపుకు వెలుతురు లెక్క కుదుర్చుకుని కూర్చున్నాను. పిల్ల తల ఎత్తి, రెండు ముందుకాళ్ళూ బార్లా చాపి, ఒక్కక్షణం అలాగే ఆగింది. తల్లి మేత ఆపి దాని నడుము మీద ముట్టె ఆనించింది. నాకు అప్పటికి పదకొండు ఫొటోలు వచ్చాయి. వాటిలో మూడు బాగున్నాయి.

నుదుటి సుడిని దగ్గరగా తీయలేకపోయాను, తల్లి మావైపు రాలేదు, మేమూ పిలవలేదు. ఓల్డ్ ఫ్రెండ్స్‌లో మాత్రం నాన్నగారు ఒక ముసలి బూడిదరంగు గుర్రానికి చదునుగా చాచిన అరచేతి మీద క్యారెట్ పెట్టి, అక్కడివారు సరేనన్నాక దాని మెడ మీద చెయ్యి వేశారు. నుదుటి మీద రెండు సుడులు ఉన్నాయని చూపించారు. అవి మంచివో చెడ్డవో నేను అడగలేదు. చాలాసేపటికి ఆయన చెయ్యి తీశారు. తిరుగు ప్రయాణంలో ఒహాయో నది దాటేదాకా ఆ అరచేతిని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకునే కూర్చున్నారు.

పిల్ల లేస్తున్న ఫొటోను ఇక్కడ పెట్టేముందు ఫారం వారికి పంపి అనుమతి అడిగాను. పెట్టుకోవచ్చని, అయితే పిల్లను అమ్మకానికి నమోదు చేయవలసి ఉంది కాబట్టి తల్లి పేరు రాయవద్దని నిన్న జవాబు ఇచ్చారు. పేరు లేకుండా కింద జతచేస్తున్నాను. వెలుతురు లెక్కలో ఏమైనా దిద్దవలసి ఉంటే మలక్‌పేట మిత్రులు దయచేసి చెప్పగలరు.